యూయూఐడీని ప్రైమరీ కీగా పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి

ప్రైమరీ కీ అంటే టేబుల్లో ప్రతి రికార్డ్‌ని విడిగా గుర్తుపట్టే ఐడీ. ఒక్కటే డేటాబేస్ ఉన్న చిన్న యాప్ అయితే యూయూఐడీ (ఎక్కడ తయారైనా ఇంకోదానితో కలవని పొడుగు ఐడీ) జోలికి పోకండి, 1, 2, 3 అని డేటాబేసే వరసగా నంబర్ ఇచ్చే ఆటో ఇంక్రిమెంట్ చాలు, కాకపోతే నంబర్ టైపు ఇంట్ బదులు పెద్దదైన బిగ్‌ఇంట్ పెట్టుకోండి, ఎందుకంటే మామూలు ఇంట్ 2147483647 దగ్గర ఆగిపోద్ది. అదే ఫోన్లో నెట్ లేకుండానే ఆర్డర్ క్రియేట్ అయ్యి తర్వాత సింక్ అవ్వాలన్నా, రెండు బ్రాంచీల డేటా ఎప్పుడో ఒకరోజు కలపాలన్నా యూయూఐడీ కావాలి, లేకపోతే రెండు చోట్లా 101 నంబర్ ఆర్డర్ ఉండి గొడవైపోద్ది.

సరే, పెడుతున్నారు. ముందు కాలమ్ టైపు చూడండి. యూయూఐడీ అంటే 128 బిట్లు, అంటే 16 బైట్లే. కంటికి 36 అక్షరాలు కనపడతాయి కదా అని చాలామంది టెక్స్ట్ టైపు అయిన వార్‌క్యార్ 36 పెట్టేస్తారు, సైజు డబుల్ దాటిపోద్ది. పోస్ట్‌గ్రెస్‌లో యూయూఐడీ అనే టైపే ఉంది, మైఎస్క్యూఎల్ అయితే బైనరీ 16 వాడండి. మైఎస్క్యూఎల్‌లో ఇది మరీ ముఖ్యం, అందులో డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీ, వేరే కాలమ్‌లతో వెతకడానికి పెట్టే ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీని కాపీ పెట్టుకుంటది, ఐదు ఇండెక్సులుంటే ఐదింటిలోనూ ఆ బరువు మోయాల్సిందే.

అసలు తేడా వచ్చేది యూయూఐడీ వెర్షన్ దగ్గర, అంటే దాన్ని ఏ పద్ధతిలో తయారుచేస్తారన్న దగ్గర. వెర్షన్ 4లో 122 బిట్లు ర్యాండమ్, ఇన్నోడీబీ ఏమో రోలను ప్రైమరీ కీ వరసలోనే పేరుస్తది, దాంతో కొత్త రో ఎక్కడో మధ్య పేజీలో (డేటా దాచే బ్లాక్‌లో) దూరాలి, ఆ పేజీ నిండి ఉంటే రెండుగా చీలుద్ది, టేబుల్ మెమరీలో పట్టనంత పెద్దదయ్యాక ఇన్‌సర్టులు నత్తనడకే. వెర్షన్ 7లో మొదటి 48 బిట్లు మిల్లీసెకన్లలో టైమ్, కాబట్టి కొత్తవి దాదాపు చివర్లోనే పడతాయి. 2025లో తీసినవి ఏవైనా చూడండి, 019తోనే మొదలవుతాయి. మీ టేబుల్లో ఏ వెర్షన్ ఉందో తెలియాలంటే ఐడీలో గీతల మధ్య మూడో ముక్కలో మొదటి అంకె చూస్తే చాలు, 4 అయితే 4, 7 అయితే 7.

పోస్ట్‌గ్రెస్ 18లో వెర్షన్ 7 ఫంక్షన్ లోపలే వచ్చేసింది, పాతదైతే యాప్ కోడ్‌లోనే లైబ్రరీతో తయారుచేసి పంపండి. మైఎస్క్యూఎల్ సొంత యూయూఐడీ ఫంక్షన్ వెర్షన్ 1 ఇస్తది, అదే వాడాలనుకుంటే 8.0 నుంచి ఐడీని 16 బైట్లుగా మార్చే ఫంక్షన్ యూయూఐడీ టు బిన్‌ ఉంది, దానికి రెండో ఆర్గ్యుమెంట్‌గా 1 ఇస్తే టైమ్ భాగాన్ని ముందుకి తెచ్చి సేవ్ చేస్తది.

వెర్షన్ 7 ఐడీ చూస్తే రికార్డ్ ఎప్పుడు క్రియేటయిందో ఎవరైనా చెప్పేస్తారు, అది బయటికి తెలియకూడదంటే లింకుల్లో వేరే ర్యాండమ్ ఐడీ పెట్టుకోండి. ఐడీ ఎంత పొడుగున్నా పర్మిషన్ చెక్ మాత్రం మానకండి. కస్టమర్ ఫోన్ చేసి చెప్పడానికి చిన్న ఆర్డర్ నంబర్ ఇంకో కాలమ్‌లో విడిగా ఉంచండి, 36 అక్షరాలు ఫోన్లో ఎవడు చదువుతాడు.