తప్పెటగుళ్లు, జముకు, వీణ: మన పాటకి ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది?

విజయనగరంలో చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. పండగల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో కీబోర్డు వాయిస్తాను. మ్యూజిక్ కాలేజీ పిల్లల నుంచి బుర్రకథ దళాల వాళ్ల దాకా అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు?" నేను ముందు రెండు సంగతులు అడుగుతాను. రికార్డు చేసేది ఎవరి పాట? గదిలో వాడతావా, స్టేజీ మీద వాడతావా? ఇవి తేలాకే రేటు చూడాలి.

మొదటి ప్రశ్న ఎందుకంటే, చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగానే నిమిషానికి 120 దెబ్బల టెంపో పెట్టుకుని కూర్చుంటాయి. సినిమా పాటకి అది సరే. గుండె మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే తప్పెటగుళ్లు అలా నడవవు. నెమ్మదిగా మొదలై, గజ్జెల అడుగు ఊపందుకున్నకొద్దీ వేగం పెరుగుతుంది. జముకు అనే వాద్యం వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్లు వచనం దగ్గర ఆగుతారు, జనం ముఖాలు చూసి మళ్లీ పాట ఎత్తుకుంటారు. చెవిలో క్లిక్ (టెంపో దెబ్బలు వినిపించే చప్పుడు) పెడితే, "ఆ టిక్కుటిక్కు ఆపు బాబూ, కత నడవదు" అంటారు. వాళ్లన్నదే నిజం. ఆ వేగం మారడంలోనే పాట ఉంది. కాబట్టి పాడేవాళ్ల వెనక నడిచే సాఫ్ట్‌వేరే మనకి కావాలి.

గదిలో రికార్డింగుకి నేను గట్టిగా చెప్పేది రీపర్. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. ఇంట్లో వాడుకునేవాళ్లకీ చిన్న వ్యాపారాలకీ లైసెన్సు 60 డాలర్లు. ఇన్‌స్టాలర్ చాలా చిన్నది, పాత లాప్‌టాప్ మీద కూడా కదులుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌లో తెరుచుకోవచ్చు. జానపదం రికార్డు చేసేటప్పుడు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ దగ్గర 'టైమ్' అని పెట్టండి. ఆ తర్వాత టెంపో ఎంత మార్చినా రికార్డు చేసిన ముక్కలు ఉన్నచోటే ఉంటాయి. కొత్తవాళ్లకి మెనూలు ఎక్కువనిపిస్తాయి, అది ఒప్పుకుంటాను. వారం పది రోజులు ఓపిక పట్టండి.

డిస్కులో చోటు ముందే చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో ఒక మోనో ట్రాక్ (ఒక మైకు రికార్డు) నిమిషానికి 8.6 ఎంబీ పైనే తింటుంది. ఎనిమిది మైకులతో గంట కథ అంటే నాలుగు జీబీ దాటుతుంది. ఇది ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా మారదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్యూబేస్ మంచిదే. 1989లో మొదలైంది, మిడి (శబ్దం కాకుండా ఏ మీట ఎప్పుడు నొక్కారో నమోదు చేసే పద్ధతి) పనికి ఇప్పటికీ గట్టిది. నేర్పేవాళ్లు దగ్గర్లో ఉంటే తీసుకోండి. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, దాని తర్వాతి మెట్టు లాజిక్ ప్రో. సినిమా స్టూడియోలో చేరాలనుకునే పిల్లలు ప్రో టూల్స్ నేర్చుకోక తప్పదు. ఎఫ్‌ఎల్ స్టూడియో బీట్లు కట్టేవాళ్లకి హాయిగా ఉంటుంది, ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. అయితే ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్లీ తెరుచుకోదు. తక్కువ రేటు ఎడిషన్ కొనే ముందు అందులో ఆడియో రికార్డింగ్ ఉందో లేదో చూసుకోండి. ఆడాసిటీ పూర్తిగా ఉచితం. ఒక గొంతు, ఒక తంబురా రికార్డు చేసుకోడానికి చాలు.

వీణ వాళ్లకి వేరుగా ఒక మాట. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమొద్దు నుంచి చెక్కిన వీణ వినిపించే గమకం కీబోర్డు మీద స్వరాన్ని వంచే పిచ్‌బెండ్ చక్రంతో రాదు. చాలా కీబోర్డుల్లో అది పైకీ కిందకీ రెండేసి స్వరస్థానాలే సాగుతుంది. సెట్టింగ్ పెంచినా వేలి లాగుడు దానికి అబ్బదు. మైకు పెట్టి రికార్డు చేయండి. శ్రుతి దిద్దే ఆటోమేటిక్ ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాముల) కోసం సాఫ్ట్‌వేర్ మార్చకండి. అవి గమకాన్ని తప్పుగా లెక్కేసి చదును చేసేస్తాయి.

ఇక స్టేజీ. రికార్డింగుకి బాగున్నదే స్టేజీకీ బాగుంటుందని అనుకోవద్దు. స్టేజీ మీద కావాల్సింది పాట ఆగకుండా అప్పటికప్పుడు మార్చగలగడం. దానికి ఏబుల్టన్ లైవ్ పుట్టింది, 2001లో. పాట ముక్కలు గళ్లలో వరసగా ఉంటాయి, గాయకుడు చరణం మళ్లీ ఎత్తుకుంటే ఆ గడి మళ్లీ నొక్కడమే. చాలా ఆడియో ఇంటర్‌ఫేసులతో (మైకునీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టెలతో), మిడి కీబోర్డులతో దీని లైట్ ఎడిషన్ ఉచితంగా వస్తుంది. ఎనిమిది ట్రాకులే, కానీ ఊరి ఆర్కెస్ట్రాకి అవి సరిపోతాయి. డబ్బా పారేసే ముందు అందులోని కోడ్ వెతకండి.

లైవ్‌లో ఒక సెట్టింగ్ తప్పకుండా మార్చాలి. పొడుగాటి ఫైలు వేయగానే అది టెంపో ఊహించి పాటని సాగదీస్తుంది, దీన్నే వార్ప్ అంటారు. వేగం పెరిగే తప్పెటగుళ్ల ట్రాకు దాని చేతిలో పాడైపోతుంది. సెట్టింగ్స్‌లో (పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్) 'ఆటో వార్ప్ లాంగ్ శాంపిల్స్' ఆపేయండి. శ్రుతి మార్చాల్సిన పాటలకి మాత్రం వార్ప్ ఉండాలి, అది లేకుండా శ్రుతి దించితే వేగం కూడా తగ్గుతుంది. గాయని శ్రుతిని ఐదున్నర నుంచి ఐదుకి దించమంటే ట్రాన్స్‌పోజ్‌లో ఒక మెట్టు తగ్గిస్తే చాలు. ఆ పాటలకి వార్ప్ ముందే ఇంట్లో సరిచేసి పెట్టుకోండి. కీబోర్డు శబ్దాలు మాత్రమే మార్చుకునే మ్యాక్ వాళ్లకి మెయిన్‌స్టేజ్ ఇంకా తేలిక.

వేలు నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోందా? బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే శబ్దం ముక్క) తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, స్పీకరుకి మీటరు దూరంలో నిలబడితే గాలి చేసే ఆలస్యం అంతే. 1024 అయితే 21 దాటుతుంది, చెయ్యి తడబడుతుంది. అసలు ఆలస్యం ఇంటర్‌ఫేసూ డ్రైవరూ కలిసి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన, ఆలస్యం తగ్గించే ఆసియో (ASIO) డ్రైవరే వేయండి.

లైసెన్సు ఇంటర్నెట్ అడుగుతుందేమో కొనకముందే తెలుసుకోండి. సిరిమానోత్సవం నాడు పైడితల్లి గుడి చుట్టూ జనం కిక్కిరిస్తే ఫోనుకి నెట్ అందడం కష్టం. సీతంపేట వైపు కొండ ఊళ్లలో మామూలు రోజునే సిగ్నల్ నమ్మలేం. ఇంటి దగ్గరే ఒకసారి వైఫై ఆపి, లాప్‌టాప్ మూసి తెరిచి, సాఫ్ట్‌వేర్ మొదలవుతుందో లేదో చూడండి. విండోస్ అప్‌డేట్లు వారం ముందే పాజ్ చేయండి. జనరేటర్ మారే క్షణంలో లాప్‌టాప్‌ని బ్యాటరీ నిలబెడుతుంది, కరెంటుతో నడిచే ఇంటర్‌ఫేస్‌ని నిలబెట్టదు. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ అయితే ఆ బెంగ లేదు. ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుర్రుమని హమ్ వస్తే మైకుసెట్ వాళ్లని డీఐ బాక్స్ (లైను మధ్యలో పెట్టి ఆ హమ్ ఆపే పెట్టె) అడగండి.

డబ్బు కట్టే ముందు ట్రయల్‌తో మీ లాప్‌టాప్‌లోనే, మీ దళంతోనే, ఒక పూర్తి కథ ఆపకుండా రికార్డు చేయండి. చివరి అరగంటని హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. చిటపటలు లేకపోతే కొనండి.