నేచర్ ఫోటోల కోసం ఫ్రెండ్స్‌తో ఒక పొద్దున: ప్లాన్ ఎలా వేసుకోవాలంటే

నేను మొదటిసారి ఫ్రెండ్స్‌ని పోగేసి నేచర్ ఫోటోలకని బయల్దేరదీసినప్పుడు మేం పద్నాలుగు మందిమి, లిస్టులో అయిదు స్పాట్లు, అందరూ వచ్చి ఒక చోట చేరేసరికి పొద్దున తొమ్మిదిన్నర. అప్పటికే ఎండ ముదిరిపోయింది, పిట్టలన్నీ ఆకుల్లోకి దూరేశాయి, మేమేమో ఒక స్పాట్ నుంచి ఇంకో స్పాట్‌కి పరిగెడుతూనే ఉన్నాం, ఇంటికొచ్చి చూస్తే మెమరీ కార్డు నిండా మా గ్రూప్ ఫోటోలే. పిక్నిక్‌కి వేసినట్టు దీనికి ప్లాన్ వేస్తే కుదరదని ఆరోజే తెలిసొచ్చింది. పిక్నిక్‌లో ఎన్ని చోట్లు చూశాం అని లెక్కేసుకుంటాం, ఇక్కడ ఒక్కో చోట ఎంతసేపు ఆగగలిగాం అని చూసుకోవాలి. ఎంతమంది, ఎప్పుడు, ఎక్కడికి, ఏం మోసుకెళ్ళాలి, అన్నీ ఆ ఆగడాన్ని బట్టే తేలతాయి.

మనుషులతో మొదలెడదాం. నలుగురైతే హాయి, ఆరుగురి దాకా పర్లేదు, అంతకు మించితే కష్టం. సన్న కాలిబాట మీద ఒక కొమ్మ మీద ఒక పిట్ట కనపడిందనుకోండి, ముందున్న ఇద్దరికీ ఫోటో వస్తుంది, మూడోవాడు "ఏదీ ఏదీ" అంటూ పరిగెత్తుకొస్తాడు, పిట్ట ఎగిరిపోతుంది, మిగతావాళ్ళకి కొమ్మ మిగులుతుంది. ఎక్కువమంది వస్తామంటే వద్దనక్కర్లేదు, అక్కడికెళ్ళాక ఇద్దరు ముగ్గురుగా విడిపోయి ఫలానా టైముకి ఫలానా చోట కలుద్దాం అనేసుకుంటే సరి.

దానికంటే ముందు గ్రూపులో అందర్నీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నీకు ఏం తియ్యాలనుంది అని. ఎందుకంటే పురుగులు, పూలు తీసే మాక్రో మనిషి గంటకి వంద మీటర్లు కూడా కదలడు, ఒక ఆకు దగ్గర బోర్లా పడుకుంటే ఇక లేవడు. ల్యాండ్‌స్కేప్ మనిషికి సూర్యుడొచ్చేలోపు కొండ మీదుండాలి. పిట్టల మనిషికి పక్కనోడు ఊపిరి పీల్చినా చిరాకే. ఈ ముగ్గుర్నీ ఒకే నడకలో కట్టేస్తే ముగ్గురూ మొహాలు మాడ్చుకుని ఇంటికెళ్తారు. అందుకే ఈసారి పిట్టలు, లేదా ఈసారి నీళ్ళు అని ఒక్కటే పెట్టుకోండి, పక్కన ఒక బ్యాకప్ ఉంచుకోండి, ఎందుకంటే పిట్టలు మనతో అపాయింట్‌మెంట్ తీసుకోవు కదా. కెమెరా లేకుండా ఊరికే తోడొచ్చేవాళ్ళకి మాత్రం ముందే నిజం చెప్పెయ్యండి, మేం అరగంట ఒకే చెట్టు దగ్గర నిలబడతాం అని. చెప్పాక కూడా వస్తానంటే వాళ్ళ చేతికి బైనాక్యులర్స్ ఇవ్వండి, మీకంటే ముందు వాళ్ళకే ఏదో ఒకటి కనపడుతుంది.

టైము గురించి కాస్త ఎక్కువే చెప్తా, సగం ట్రిప్పులు చెడిపోయేది ఇక్కడే. సూర్యుడు హొరైజన్ నుంచి దాదాపు 6 డిగ్రీల ఎత్తు వరకు ఉన్నంతసేపే ఆ బంగారం రంగు వెలుతురు, గోల్డెన్ అవర్ అంటారు గానీ అది కచ్చితంగా గంటే ఉండాలని రూలేం లేదు. భూమధ్యరేఖకి దగ్గర్లో సూర్యుడు నిటారుగా పైకెక్కేస్తాడు కాబట్టి అరగంటలోపే అయిపోతుంది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ ఏటవాలుగా పాకుతాడు కాబట్టి చాలాసేపు సాగుతుంది. సూర్యుడు రాకముందు ఉండే నీలి వెలుతురు ఇంకా బావుంటుంది, చాలామంది అప్పటికి ఇంకా దార్లోనే ఉంటారు. కాబట్టి సూర్యోదయం ఎన్నింటికో చూసుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కెయ్యండి. ఉదాహరణకి సూర్యోదయం 6:00 అయితే స్పాట్‌లో 5:30కి ట్రైపాడ్ (కెమెరా పెట్టే మూడుకాళ్ళ స్టాండు) దిగిపోవాలి, పార్కింగ్ నుంచి నడక 20 నిమిషాలు, బ్యాగులు సర్దుకోడానికి 10, అంటే బండి 5:00కి ఆగాలి, ప్రయాణం గంట అయితే 4:00కి బయల్దేరాలి, కాబట్టి గ్రూపులో 3:45 అని చెప్పండి. ఆ పావుగంట ఎవరి కోసమో మీ అందరికీ తెలుసు, పేరు చెప్పక్కర్లేదు.

పొద్దునే ఎందుకు, సాయంత్రం వెలుతురూ అదే కదా అంటారా, నిజమే, నిద్ర లేవలేని గ్రూపైతే సాయంత్రమే పెట్టుకోండి, రాకపోడం కంటే నయం. కానీ పొద్దున గాలి తక్కువ, నీళ్ళు కదలకుండా ఉంటాయి కాబట్టి రిఫ్లెక్షన్లు అద్దంలా వస్తాయి, పిట్టలు తిండికోసం బయటే ఉంటాయి. తూనీగలు, సీతాకోకచిలుకలైతే ఒళ్ళు వేడెక్కేదాకా ఎగరలేవు, మంచు బొట్లతో అలా కూర్చునే ఉంటాయి, మాక్రో వాళ్ళకి అంతకంటే ఏం కావాలి. సాయంత్రంలో ఉన్న ఇబ్బంది ఇంకోటి, తిరుగు నడక చీకట్లో పడుతుంది.

వెదర్ చూడ్డంలో ఒక చిన్న కిటుకుంది. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా, నేల తడిగా ఉన్న రాత్రి అయితే తెల్లారేసరికి లోయల్లో, నీళ్ళ పక్కన పొగమంచు పడే ఛాన్సెక్కువ, అంటే నిన్న వాన పడి రాత్రికి తెరిపిచ్చిందంటే అలారం పెట్టుకోవాల్సిందే. మబ్బు పట్టిందని క్యాన్సిల్ చెయ్యకండి, అడవి లోపల, జలపాతాల దగ్గర, పూల దగ్గర మబ్బే మంచిది, నీడల గళ్ళు పడవు. ఆరోజు ఆకాశం తెల్లగా బోసిగా ఉంటుంది కాబట్టి దాన్ని ఫ్రేములోంచి తీసేస్తే చాలు. ఉరుములుంటే మాత్రం పరాచికాలొద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లలోపు ఉందంటే పిడుగు దాదాపు పది కిలోమీటర్ల లోపలే పడుతున్నట్టు, ట్రైపాడ్ మడిచేసి బండిలోకో గట్టి బిల్డింగ్‌లోకో వెళ్ళిపోండి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. చెట్టు కింద నిలబడ్డం అస్సలొద్దు.

చంద్రుడి కోసం వెళ్ళేవాళ్ళు పౌర్ణమి రోజు కంటే దాని ముందు రోజు సాయంత్రం పెట్టుకోండి. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యాస్తమయం టైముకే వస్తాడు, కాస్త పైకొచ్చేసరికి కింద నేలంతా చీకటైపోతుంది. ముందు రోజైతే సగటున 50 నిమిషాలు ముందే వస్తాడు కాబట్టి చెట్లకీ కొండలకీ ఇంకా వెలుతురు ఉంటుంది, రెండూ ఒకే ఫోటోలో పడతాయి. నక్షత్రాలకైతే అమావాస్య చుట్టుపక్కల రోజులు. సముద్రం ఒడ్డున అయితే ఆటుపోట్ల టైములు చూడకుండా రాళ్ళ మీదికి వెళ్ళొద్దు, వెళ్ళేటప్పుడు ఉన్న దారి వచ్చేటప్పుడు ఉండకపోవచ్చు.

చోటు సంగతికొస్తే, పొద్దునకి రెండు స్పాట్లు చాలు, అవి కూడా ఒకదానికొకటి నడిచిపోయేంత దగ్గర్లో. వీలైతే ఒకరో ఇద్దరో ముందే వెళ్ళి చూసి రావాలి, ఎండ ఏ మూల నుంచి వస్తుంది, నిలబడ్డానికి ఆరుగురికి చోటుందా, బండి ఎక్కడ ఆపాలి, టాయిలెట్ ఉందా, ఫోన్ సిగ్నల్ వస్తుందా. వెళ్ళడం కుదరకపోతే ఫోటోపిల్స్ లాంటి యాప్‌లో మ్యాప్ మీద ఏ తేదీన సూర్యుడు ఏ దిక్కున వస్తాడో గీత గీసి చూపిస్తుంది, పిట్టల్ని చూసినవాళ్ళు రాసిపెట్టే ఈబర్డ్ సైట్‌లో ఆ చుట్టుపక్కల ఈమధ్య ఏ పిట్టలు కనపడ్డాయో చూడొచ్చు. రక్షిత అడవులూ పార్కులూ అయితే గేటు తెరిచే టైము, పర్మిషన్లు, ట్రైపాడ్ ఒప్పుకుంటారా, డ్రోన్ ఎగరెయ్యొచ్చా, ఇవన్నీ ఫోన్ చేసి కనుక్కోండి. గేటు ఏడింటికి తెరుస్తారని గేటు ముందు నిలబడ్డాక తెలిస్తే మీరు లేచిన మూడున్నరకి అర్థం ఉండదు (మాకు జరిగింది).

సామాను విషయంలో ప్రతి ఒక్కరూ అన్నీ మొయ్యడం దండగ. ఒకరు మాక్రో లెన్స్, ఒకరు టెలీ (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే లెన్స్), ఇద్దరికో ట్రైపాడ్ అని పంచుకోండి, కాకపోతే లెన్స్ మార్చుకోవాలంటే మౌంట్, అంటే కెమెరాకి లెన్స్ బిగించే చోటు, ఒకటే అయ్యుండాలి, ఇది ముందే చూసుకోండి. ఎవరి స్పేర్ బ్యాటరీ, ఎవరి స్పేర్ కార్డు వాళ్ళవే, వీటిలో మాత్రం స్నేహాలు పనికిరావు. చలి ఎక్కువుంటే బ్యాటరీ తొందరగా డౌన్ అయిపోతుంది, స్పేర్‌ని లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకోండి. ఏసీ కారులోంచి దిగి ఉక్క గాలిలో కెమెరా తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, అందుకే చేరడానికి కాసేపు ముందే ఏసీ కట్టేసి అద్దాలు దించండి. హెడ్‌ల్యాంప్, నీళ్ళు, తినడానికి ఏదన్నా, చెత్త వేసుకోడానికి ఒక కవరు, ఫస్ట్ ఎయిడ్, ఇవి చాలు. ఫోన్‌తో తీసేవాళ్ళు మేం ఎందుకులే అనుకోకండి, లెన్స్ తుడుచుకుని వచ్చెయ్యండి, దూరంగా ఉన్న పిట్ట కష్టం గానీ పొగమంచు, ఆకులు, నీళ్ళలో నీడలు ఫోన్‌కి ఏం తక్కువ కాదు.

కొత్తవాళ్ళుంటే స్పాట్‌లో క్లాసు పెట్టకండి, వెలుతురు అయిపోతుంది, ముందురోజే గ్రూపులో నాలుగు ముక్కలు రాసెయ్యండి. ఎగిరే పిట్టకి షట్టర్ స్పీడ్ 1/2000 సెకను ప్రాంతంలో, కూర్చున్న పిట్టకి 1/500 అయినా చాలు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరిగితే పెరగనివ్వండి, నాయిస్ (గరుకు చుక్కలు) ఉన్న ఫోటో పనికొస్తుంది గానీ షేక్ అయింది పనికిరాదు. జలపాతం పాలనురగలా రావాలంటే ట్రైపాడ్ మీద అర సెకను నుంచి సెకను దాకా, తడి రాళ్ళ మీద మెరుపు తగ్గాలంటే లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్. సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని ఉంటే పక్క నుంచి, కెమెరా వెనక భాగం రెక్కకి సమాంతరంగా ఉండేట్టు తీస్తే రెక్క మొత్తం షార్ప్‌గా వస్తుంది. అందరూ రా (RAW, కెమెరా కుదించకుండా దాచే ఫైలు) ఫార్మాట్‌లో తియ్యండి, అంతే.

అక్కడికెళ్ళాక ఎవరో ఒకరు కాస్త పెద్దరికం తీసుకోవాలి. గూడు కనపడితే దూరం నుంచి ఒకటి రెండు తీసుకుని కదిలిపోవాలి, ఫోటోకి అడ్డొస్తున్నాయని గూడు చుట్టూ ఆకులు తుంచడం అంటే కాకికీ పాముకీ దారి చూపించినట్టే. ఫోన్‌లో కూత వినిపించి పిట్టని రప్పించడం, ఎగరాలని రాళ్ళెయ్యడం, ఇవి చేసేవాళ్ళని మర్యాదగా ఆపండి, ఆగకపోతే ఇంకోసారి పిలవకండి. జంతువు తినడం ఆపేసి మీవైపే చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్ళారన్నమాట. నడకలో అందరికంటే నెమ్మదిగా ఉన్నవాళ్ళు ముందుండాలి, దారి తెలిసినవాళ్ళు చివర్న. ఎక్కడికెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. ఎండ గట్టిపడగానే ఆపెయ్యండి, ఇంకో అరగంట ఇంకో అరగంట అని లాగితే వచ్చేసారి సగం మంది రారు.

ఇంటికొచ్చాక వారంలోపు ఒకసారి కూర్చోండి, ఒక్కొక్కరూ అయిదే అయిదు ఫోటోలు తేవాలి, ఆరోది ఒప్పుకోవద్దు. ఒకే చెట్టు దగ్గర నిలబడ్డ ఆరుగురూ ఆరు రకాలుగా తీసుంటారు, పక్కపక్కన పెట్టి చూసినప్పుడు "నువ్వు ఇది ఎక్కణ్ణుంచి తీశావ్" అని అడగని వాళ్ళుండరు, నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్నకొచ్చిన జవాబులే. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించేసి పాడుచేస్తుంది. అరుదైన పిట్టో, గూడో దొరికితే ఆన్‌లైన్‌లో పెట్టేముందు ఫోటోలోంచి లొకేషన్ తీసెయ్యండి, జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టేవాళ్ళకి చోటుని మసకగా చూపించే ఆప్షన్ ఉంది, అది వాడండి. కార్డు మాత్రం ఫోటోలు రెండు చోట్ల కాపీ అయ్యాయని కళ్ళారా చూసుకున్నాకే ఫార్మాట్ కొట్టండి, ఫార్మాట్ చేసి అలాగే కెమెరాలో పెట్టెయ్యండి, లేకపోతే వచ్చే ట్రిప్పుకి అది లాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది.