వీధి యువతతో పరిచర్య: బంతి నుంచి పని దాకా

వీధిలో బతికే యువత కోసం ఏదైనా చేయాలని చర్చి సంఘం తీర్మానించుకోగానే చాలాచోట్ల ముందు కుట్టుమిషన్లు, కంప్యూటర్లు కొనేస్తారు. వాటిని చివరికి ఉంచండి. ముందు ఫుట్‌బాల్ ఆట, ఆట నిలదొక్కుకున్నాక మెంటర్లు (ఒక్కొక్కరికీ తోడుగా ఉండి దారి చూపే పెద్దలు), ఆ తర్వాతే పని శిక్షణ. ఈ పిల్లల దగ్గరికి పెద్దలు రావడం, ఫొటోలు తీసుకోవడం, మాయమవడం మామూలే. మీరు మళ్లీ వస్తారన్న నమ్మకం కుదరకపోతే ఏ కోర్సులోనూ రెండో వారానికి మనిషి మిగలడు.

మొదటి ఆరు వారాలు ఏమీ నడపకండి. ఇద్దరు వాలంటీర్లు వారానికి రెండుసార్లు ఒకే చోటికి, ఒకే వేళకు వెళ్లాలి. కెమెరా వద్దు, పంచిపెట్టే సంచులూ వద్దు. పేర్లు గుర్తుపెట్టుకోండి, ఎవరి మాట ఎవరు వింటున్నారో గమనించండి. గుంపులో మాట చెల్లేవాణ్ణి దాటి చిన్నవాళ్లను పిలిస్తే మర్నాడు ఒక్కరూ రారు. అందుకే ముందు అతనితోనే మాట్లాడాలి. ఆట వేళ కూడా వాళ్లనే అడిగి పెట్టండి. రాత్రంతా మేలుకుని తెల్లారాక పడుకునేవాళ్లకు ఉదయం ఏడింటి ప్రాక్టీసు పనికిరాదు.

ఇరవై మందికి ఇద్దరు కోచ్‌లు, వాళ్లు కాక ఇంకో పెద్ద మనిషి కావాలి. దెబ్బ తగిలినవాళ్ల దగ్గరికి, కోపంతో బయటికి వెళ్లిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లేది ఆ మూడో మనిషే. ఐదు బంతులు, రెండు రంగుల్లో పదేసి బిబ్‌లు (జట్టు తెలిసేలా చొక్కా మీద వేసుకునే చేతుల్లేని తొడుగులు), పదహారు కోన్లు, ప్రథమ చికిత్స పెట్టె, సరిపడా తాగునీరు ఉంటే చాలు. ఐదుగురేసి ఆడటానికి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు స్థలం సరిపోతుంది. ముందు గాజుపెంకులు, సిరంజిలు ఏరండి, చేతితొడుగులు వేసుకునే. బూట్లు ఇచ్చేస్తే అమ్ముడుపోతాయి, లేదా బలమైనవాడు లాక్కుంటాడు. సైజులవారీగా మైదానం దగ్గరే ఉంచి ఆటకు మాత్రం ఇవ్వండి. అందరికీ చాలకపోతే ఆ రోజు అందరూ ఉత్తికాళ్లతోనే ఆడాలి. రాగానే కొంచెం తిండి పెట్టి, మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా పాస్‌లు ఆడించండి. ఖాళీ కడుపుతో పరుగెత్తిస్తే కళ్లు తిరిగి పడిపోతారు.

ఒక్క విషయంలో మాత్రం ఏ మినహాయింపూ వద్దు. జిగురు, థిన్నర్ లాంటివి పీల్చి వచ్చినవాళ్లను ఆడనివ్వకండి. పీల్చిన వెంటనే పరుగెత్తినా, ఒక్కసారిగా భయపడినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. చేతిలో డబ్బా కనబడిందని అరవడం, వెంటపడటం అన్నిటికన్నా ప్రమాదం. మెల్లగా పిలిచి గాలి ఆడేచోట కూర్చోబెట్టండి, పక్కన ఒకరు ఉండాలి. స్పృహ తప్పితే వెంటనే అంబులెన్స్ పిలవండి.

గొడవలకు ఫుట్‌బాల్‌3 పద్ధతి బాగా పనిచేస్తుంది. 1994లో కొలంబియా ఆటగాడు ఆంద్రేస్ ఎస్కోబార్ హత్య తర్వాత మెడెలీన్‌ నగరంలో పుట్టింది ఇది. ఆటకు ముందు రెండు జట్లూ కూర్చుని నియమాలు పెట్టుకుంటాయి, రెఫరీ లేకుండా ఆడతాయి, ఆఖర్న మళ్లీ కూర్చుని ఎదుటి జట్టు ఎంత నిజాయితీగా ఆడిందో చూసి పాయింట్లు ఇస్తాయి. మెడెలీన్‌లో మొదటి గోల్ అమ్మాయే కొట్టాలన్న నియమం ఉండేది. మొదట్లో చివరి చర్చ పోట్లాటగా మారుతుంది. అయినా ఆపకండి, పది నిమిషాలకు మించనివ్వకండి. తప్పు చేసినవాళ్లను ఆ రోజుకే పక్కన పెట్టాలి. శాశ్వతంగా వెళ్లగొడితే మీరు ఎవరి కోసం మొదలుపెట్టారో వాళ్లే ముందు పోతారు.

మెంటర్‌ ఒక్కరికి ఇద్దరు పిల్లల కన్నా ఎక్కువ మందిని అప్పగించకండి. వారానికి ఒక గంట, కనీసం ఏడాది పాటు. ఏడాది మాట ఇవ్వలేనివాళ్లను బంతులు మోయడానికో, వంటకో పెట్టుకోండి, అది చిన్న పనేం కాదు. మూడు నెలల్లోపే తెగిపోయిన మెంటర్ బంధం పిల్లల్లో ఆత్మగౌరవాన్ని తగ్గిస్తుందని, ఏడాది దాటినది మేలు చేస్తుందని 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ పరిశోధన చూపింది. పోలీసు రికార్డు తనిఖీ, ఇద్దరి నుంచి పూచీ, శిక్షణ పూర్తయ్యాకే ఎవరినైనా కలపాలి. పాస్టర్ గారి బంధువైనా, ఎన్నేళ్ల సంఘ పెద్దయినా ఈ తనిఖీ తప్పదు. కలవడం నలుగురికీ కనబడే చోటే. ఇంటికి పిలవడం, అప్పివ్వడం, రాత్రిపూట విడిగా ఫోన్ సందేశాలు పంపడం వద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే బాలల రక్షణ బాధ్యుడికి అదే రోజు చెప్పాల్సి ఉంటుందని మొదటి కలయికలోనే చెప్పేయండి. మెంటర్‌ మానేయాల్సి వస్తే నెల ముందే చెప్పి, కొత్తవాళ్లను తనే వెంటబెట్టుకొచ్చి పరిచయం చేయాలి.

ప్రార్థన దాచాల్సిన పనిలేదు, బలవంతం చేయాల్సిన పని అంతకన్నా లేదు. తిండి ముందు, ప్రార్థన తర్వాత, మధ్యలో వెళ్లిపోవడానికి వీలుగా కాసేపు విరామం. ఉండిపోయినవాళ్లకు ఏది దొరుకుతుందో, వెళ్లినవాళ్లకూ అదే దొరకాలి. సహాయాన్ని మతభావాల వ్యాప్తికి వాడకూడదని 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి కూడా చెబుతుంది. పిల్లల గతాన్ని సాక్ష్యంగా వేదిక మీద చెప్పించి విరాళాలు అడగడం పూర్తిగా మానండి. ఆ మాటలు ఇంటర్నెట్‌లో పడితే ఉద్యోగం అడగబోయిన చోటికీ వెంట వస్తాయి.

శిక్షణకు పని ఎంచుకునేముందు పనిచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లండి. కనీసం ముగ్గురు ‘నేర్పితే తీసుకుంటాం’ అంటేనే మొదలుపెట్టండి. గుర్తింపు పత్రాల పని ఆటల దశలోనే మొదలవ్వాలి, అది ఆలస్యమవడం వల్లే కోర్సు పూర్తయినవాళ్లు ఖాళీగా కూర్చుంటారు. రోజు కూలి పోతుంది గనక భత్యం ఇవ్వాలి, వారానికోసారి కాదు, మొదటి నెలంతా ఏ రోజుకారోజు. మొదట్లో రోజుకు మూడు గంటలు చాలు, క్రమంగా పెంచవచ్చు. కొలవడం, లెక్కకట్టడం, రసీదు చదవడం పనితోపాటే నేర్పండి, విడిగా బడి పెడితే రారు.

యజమానితో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. ఇటలీలోని ట్యూరిన్‌లో వీధి పిల్లల మధ్య పనిచేసిన క్యాథలిక్ గురువు డాన్ బాస్కో 1852లోనే ఓ వడ్రంగి దగ్గర కుర్రాణ్ణి చేర్చేటప్పుడు కాగితం రాయించి తనూ సంతకం పెట్టాడు. మీ కాగితంలో పని గంటలు, సెలవు రోజు, జీతం, అది ఎప్పుడు పెరుగుతుందో, తిట్టినా కొట్టినా ఎవరికి చెప్పాలో ఉండాలి. పనిముట్లన్నీ సర్టిఫికెట్ రోజే ఇస్తే సగం అమ్ముడుపోతాయి. సగం అప్పుడు, మిగతావి మూడు నెలలు పనిచేశాక ఇవ్వండి.

మొదటి జీతం వచ్చే వారం చాలా కష్టం. పాత అప్పులవాళ్లు, పాత స్నేహితులు, మత్తు అమ్మేవాళ్లు అందరికీ ఆ తేదీ తెలుస్తుంది. ఆ రోజు మెంటర్ పని ముగిసే వేళకు అక్కడ ఉండాలి. డబ్బు దాచే ఖాతా ముందే తెరిపించాలి. పనికి రాకపోతే అదే రోజు యజమాని నుంచి మీకు ఫోన్ రావాలని మాట్లాడుకోండి, మూడు రోజులు గడిచాక వెతికితే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయి ఉంటుంది. పని పోయినవాళ్లు వచ్చే వారం మళ్లీ మైదానానికే రావచ్చు.