సలహా కావాలా, వింటే చాలా? పసిపిల్లల తల్లుల గ్రూపు నడిపే పద్ధతి

తల్లుల గ్రూపు అనగానే అందరూ ముందు వాట్సాప్‌లో పెడతారు. వారం తిరక్కుండానే నూటయాభై మంది చేరతారు. నెల తిరిగేసరికి అందులో మిగిలేవి డైపర్ ఆఫర్లు, గుడ్‌మార్నింగ్‌లు, ‘మావాడు తొమ్మిదో నెలకే నడిచేశాడు’ అనే వీడియోలు. అర్ధరాత్రి రెండింటికి పాలిస్తూ ఆ వీడియో చూసిన తల్లికి దిగులు తగ్గదు సరికదా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టదు. మనసు తేలికపడాలంటే ఎదురెదురుగా కూర్చునే ఆరేడుగురు కావాలి. వాట్సాప్‌ను టైము, చోటు చెప్పుకోవడానికి మాత్రమే ఉంచండి.

ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా సరిపోతారు. నలుగురితో మొదలుపెడితే ఒక బిడ్డకు జ్వరం, ఇంకొకరికి చుట్టాలు, ఆ రోజు ఇద్దరే మిగులుతారు. పది దాటితే నెమ్మదిగా మాట్లాడేవాళ్ల వంతు రాదు. మొదటి ఏడాదిలో పిల్లల మధ్య నాలుగు నెలలకు మించి తేడా లేకుండా చూడండి. రెండు నెలల బిడ్డ తల్లికి పాల గొడవ, పది నెలల బిడ్డ తల్లికి అన్నం గొడవ. ఒకరి మాట ఇంకొకరికి పట్టదు.

పిల్లలు స్నానమై ఓ నిద్ర తీసి లేచే పదకొండింటికి పెట్టుకోవచ్చు. ఉద్యోగాలకు తిరిగి వెళ్లినవాళ్లుంటే శనివారం సాయంత్రం నాలుగు. పదిహేను రోజులకోసారి, గంటంబావు చాలు. అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలైనా, ఎవరింటి ముందుగదైనా ఫర్వాలేదు. కుర్చీలు వద్దు, చాపలు, బొంతలు పరవండి. పిల్లల్ని మధ్యలో వేసి చుట్టూ కూర్చుంటే పాలివ్వడానికీ గుడ్డ మార్చడానికీ ఎవరూ లేచి వెళ్లక్కర్లేదు. టిఫిన్లు పెట్టకండి. ఒకరు ఉప్మా చేస్తే తర్వాతిసారి ఇంకొకరు పూరీ చేయాలి, మూడోసారి వంతు వచ్చినావిడ ఆ భయానికే రావడం మానేస్తుంది. టీ, బిస్కెట్లు చాలు.

మొదట ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ‘ఈ పదిహేను రోజుల్లో ఏది బరువుగా అనిపించింది?’ అని అడగండి. ఆమె చెబుతున్నంతసేపూ మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. అయ్యాక గ్రూపు నడిపేవారు ఒకే ప్రశ్న వేయాలి: ‘సలహా కావాలా, వింటే చాలా?’ చాలామంది ‘వింటే చాలు’ అనే అంటారు. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోయారంటే గ్రూపు కాస్తా మరో నలుగురు అత్తగార్లవుతుంది.

సలహా కావాలన్నప్పుడు కూడా ముందు సంగతి అడిగి తెలుసుకోవాలి. ఒకావిడ ‘పాలు చాలట్లేదేమో’ అందనుకోండి. వెంటనే మెంతులు తినమని ఒకరు, వెల్లుల్లి కారమని ఒకరు, డబ్బాపాలు మొదలుపెట్టమని ఇంకొకరు అందుకుంటారు. ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, తనకు నిజంగానే పాలు లేవని. అలా కాకుండా ‘రోజుకెన్నిసార్లు గుడ్డ తడుపుతున్నాడు?’ అని అడగండి. మొదటి వారం దాటిన బిడ్డ రోజుకు ఆరు, అంతకుమించి తడుపుతూ, బరువు పెరుగుతుంటే సాధారణంగా పాలు సరిపోతున్నట్టే. పుట్టిన కొత్తలో కొంత బరువు తగ్గి రెండు వారాల్లోపు మళ్లీ అందుకోవడం మామూలే. అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డులోని గీత చూసుకోమనండి. తడపడం తగ్గినా, గీత కిందికి దిగినా పిల్లల డాక్టరుకు చూపించాలి, గ్రూపులో తేల్చేది కాదు.

పోలికలది ఇంతకన్నా పెద్ద తంటా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పిల్లలు ఒంటరిగా నడిచే వయసు సుమారు 8 నెలల నుంచి 17 నెలల పైదాకా ఉంది. ఆ రెండంకెలూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. పదమూడో నెలలో ఇంకా పాకుతున్న బిడ్డ తల్లికి మీరిచ్చే ధైర్యం కంటే ఆ కాగితమే ఎక్కువ పనిచేస్తుంది.

గ్రూపును చెడగొట్టేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, మాట బయటికి పొక్కడం. అత్తగారి గురించి ఇక్కడ అన్నది సాయంత్రానికి పార్కు బెంచీ మీదికి చేరితే ఆమె మళ్లీ నోరు విప్పదు. అందుకే ఇక్కడి మాట ఇక్కడే ఉండాలన్న షరతు ప్రతిసారీ మొదట్లో గుర్తుచేయాలి, ఈ తల్లుల అత్తలకూ అమ్మలకూ వేరే రోజు పెట్టాలి. రెండోది అమ్మకం. ప్రొటీన్ పొడులు, బుర్ర పెంచే కార్డులు అమ్మే సభ్యురాలు దొరకని గ్రూపు ఉండదు. మొదటిసారే మర్యాదగా ఆపేయండి.

ఇలాంటి కూడికలను డాక్టరే నడపాలనేం లేదు. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో 2005–08 మధ్య ఏక్‌జుట్ సంస్థ నెలనెలా జరిపించిన మహిళా సమావేశాలను నడిపింది స్థానిక ఆడవాళ్లే. నెలలోపు శిశువుల మరణాలు తగ్గాయి. మూడో ఏడాదికి తల్లుల్లో ఓ మోస్తరు డిప్రెషన్ కూడా సగానికి పైగా తగ్గిందని 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది.

అయితే గ్రూపు మోయలేనివీ ఉంటాయి. కాన్పయిన మూడోనాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అది దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా తను పడుకోలేకపోతే, బిడ్డ మీద ఏ భావమూ కలగడం లేదంటే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డకు హాని చేస్తానేమోనన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఆమెనూ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

రాకుండా పోయినావిడ మీదే ఎక్కువ కన్నుండాలి. పుట్టింటి నుంచి అత్తారింటికి వచ్చిన మొదటి వారాలు గడ్డువి. అమెరికాలో ఉన్నవాళ్లకైతే విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ ఆరునెలలుండి విమానమెక్కిన వారం. వరసగా రెండుసార్లు రాకపోతే గ్రూపులో మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. ‘ఎందుకు రాలేదు?’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ‘రేపు పదకొండింటికి మీ ఇంటికొస్తా, కాసేపు పాపను నేనెత్తుకుంటా, నువ్వు తలస్నానం చేసిరా’ అంటే తలుపు తీస్తుంది.