గోదావరి మీద వెన్నెలను వాటర్ కలర్‌లో వేయడం ఎలా?

వాటర్ కలర్‌లో వెన్నెలకంటూ వేరే రంగు లేదు. కాగితం తెలుపే వెన్నెల. అది ఎక్కడెక్కడ మిగలాలో బ్రష్ తడపకముందే తేల్చుకోండి.

ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. నరసాపురం గోదావరి పాయ అయిన వశిష్ఠకు పడమటి ఒడ్డు. పున్నమినాడు పొద్దుగూకే వేళకు పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పడవ) రేవులో నిలబడితే, సఖినేటిపల్లి వైపు కొబ్బరిచెట్ల వెనక నుంచి చంద్రుడు లేస్తాడు. అప్పటికింకా కాస్త వెలుగుంటుంది కాబట్టి పెన్సిల్‌తో స్కెచ్ వేసుకోవచ్చు. చంద్రుడు, అవతలి గట్టు, ఒక పడవ చాలు.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు, అంటే దళసరి) ఉండి, కొంచెం గరుకుగా ఉంటే మంచిది. అంచులు టేపుతో అట్టకు అంటించండి. రంగులు ఇండిగో (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), కొద్దిగా పసుపు.

చంద్రుడి మీద మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ఆపి, తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం) రాసి ఆరనివ్వండి. గట్టు గీత వరకు ఆకాశాన్ని మంచినీళ్లతో తడిపి, పైనుంచి, పక్కల నుంచి చిక్కటి ఇండిగో పెట్టండి. చంద్రుడి దాకా బ్రష్ తీసుకెళ్లొద్దు, రంగు దానంతటదే పాకుతుంది. తడి మీద చూస్తే మరీ నల్లబడిందేమో అనిపించాలి, ఆరాక పాలిపోతుంది కదా. ఇక్కడ భయపడి చేయి ఆపేస్తే అది రాత్రిలా ఉండదు, ముసురు పట్టిన మధ్యాహ్నంలా ఉంటుంది.

వానాకాలంలో మన వైపు గాలిలో తేమకు కాగితం ఓ పట్టాన ఆరదు. వేలి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. మాస్కింగ్ ఉండగా హెయిర్ డ్రయ్యర్ మాత్రం వాడకండి, వేడికి మాస్కింగ్ కాగితానికి అతుక్కుపోతుంది.

అన్నిటికన్నా ఓపిక కావాల్సింది నీటికి. నీటి భాగాన్ని తడపకండి. బ్రష్‌కు ఇండిగో పట్టించి, గుడ్డకు అద్ది, పక్కకు వాల్చి అడ్డంగా చకచకా లాగండి. గరుకు కాగితం గుంటల్లో తెలుపు మిగిలిపోతుంది. అవే మెరుపులు. సరిగ్గా చంద్రుడి కిందే ఉండాలి. అవతలి గట్టు దగ్గర సన్నగా, దగ్గరదగ్గరగా, మన వైపు వచ్చేకొద్దీ పొడుగ్గా, ఎడంగా వదలండి. రెండు పక్కలా చిక్కగా మూసేయండి. ఒకసారి లాగిన చోట మళ్లీ దిద్దితే మెరుపు పోతుంది.

ఇండిగోలో బర్న్ట్ సియెన్నా కలిపితే దాదాపు నలుపు వస్తుంది. దాంతో గట్టు, చెట్లు ఒకే ముద్దగా వేసి, పైన నాలుగైదు కొబ్బరి తలలు చూపించండి. ఆకు ఆకూ గీయొద్దు. అదే రంగుతో పడవను మెరుపుల దారికి అడ్డంగా పెట్టండి, తెలుపు మీద నల్లగా స్పష్టంగా కనబడుతుంది.

అంతా ఆరాక మాస్కింగ్‌ను వేలితో రుద్ది తీసేసి, గట్టిగా తెగినట్టున్న అంచును తడి బ్రష్‌తో మెత్తబరచండి. అప్పుడే లేచిన చంద్రుడు పచ్చగా ఉంటాడు కాబట్టి, బాగా పల్చన చేసిన పసుపు ఒక్క పూత వేయండి.