రైల్వే ప్రైవేటీకరణపై వాస్తవాధార నాటకం రాయడం ఎలా

బ్రిటన్ రైల్వేల ప్రైవేటీకరణను నాటకంగా మలచదలచినవారు ముందుగా ఆ విభజన తీరును క్షుణ్ణంగా తెలుసుకోవాలి. 1993 నాటి రైల్వే చట్టంతో, అప్పటివరకు ఒకే ప్రభుత్వ సంస్థగా ఉన్న బ్రిటిష్ రైల్ వందకు పైగా కంపెనీలుగా విడిపోయింది. పట్టాలు, సిగ్నళ్లు రైల్‌ట్రాక్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. రైళ్లు నడిపేవారు వేరు, బోగీలు అద్దెకిచ్చేవారు వేరు, పట్టాలు బాగుచేసే కాంట్రాక్టర్లు వేరు. తప్పు జరిగిన రోజున జవాబు చెప్పవలసినవారెవరన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. దానిని ఏ పాత్ర నోటా పలికించకండి. సాక్ష్యాలు వరుసగా విన్న ప్రేక్షకులే ఆ ప్రశ్న అడగాలి.

ప్రైవేటీకరణ తరువాత సౌతాల్, లాడ్‌బ్రోక్ గ్రోవ్, హాట్‌ఫీల్డ్, పాటర్స్ బార్‌లలో జరిగిన నాలుగు రైలు ప్రమాదాలనూ ఒకే కొలతలో చూపితే నాటకం జాబితాగా మిగులుతుంది. నా దృష్టిలో కేంద్రంగా నిలవదగినది హాట్‌ఫీల్డ్. 2000 అక్టోబర్ 17న అక్కడ పట్టా ముక్కలై రైలు పట్టాలు తప్పింది, నలుగురు మరణించారు. పట్టాలో లోపం ముందే తెలిసినా దానిని సకాలంలో మార్చలేదు. తెలిసినవారికీ మార్చవలసినవారికీ మధ్య ఉన్న దూరమే ఇక్కడి నాటకీయత. 31 మంది చనిపోయిన 1999 నాటి లాడ్‌బ్రోక్ గ్రోవ్ ప్రమాదానికి న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ జరిపిన బహిరంగ విచారణ విలువైన ఆధారం. సౌతాల్, పాటర్స్ బార్‌లను ఒకటి రెండు గొంతులతో స్పృశిస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం మనుషుల మాటలు సేకరించడానికే కేటాయించాలి. పట్టాల కార్మికులు, డ్రైవర్లు, ఇంజినీర్లు, అధికారులు, ప్రాణాలతో బయటపడినవారు, ఆప్తులను పోగొట్టుకున్నవారు చెప్పినదాన్ని అనుమతితో రికార్డు చేసి, తడబాట్లూ సగంలో ఆగిన వాక్యాలూ చెరిపివేయకుండా రాసుకోవాలి, ఎందుకంటే మనిషి దేని దగ్గర ఆగిపోయాడో అదే చాలాసార్లు సన్నివేశానికి ప్రాణం. దుఃఖంలో ఉన్నవారిని ప్రమాదం గురించి మొదటే అడగకండి. పోయిన మనిషి గురించి అడగండి. కుదించిన పాఠాన్ని వారికి చదివి వినిపించి, వద్దన్న మాటను, అది ఎంత బలమైనదైనా, తీసివేయండి.

ప్రైవేటీకరణను సమర్థించినవారి వాదనను కూడా దాని పూర్తి బలంతో వినిపించాలి. ఆ తరువాతి కాలంలో ప్రయాణికుల సంఖ్య పెరిగిందన్న మాట నిజమే కనుక, దానిని వెటకారంగా పలికించడం అన్యాయం.

ప్రదర్శనకు ఎనిమిది, తొమ్మిది మంది నటులు చాలు. మొదట అందరికీ ఒకే రకం టోపీ పెట్టి, విభజన దృశ్యంలో ఒక్కొక్కరికీ వేరు రంగు టోపీ ఇస్తే, పది నిమిషాల వివరణ అక్కర లేకుండా పోతుంది. ఒకే నటుడు పలు పాత్రలు ధరిస్తాడు కాబట్టి, ప్రతి పాత్రా తన వృత్తిని మొదటి వాక్యంలోనే చెప్పాలి. పట్టాలు 2002లో లాభాపేక్ష లేని నెట్‌వర్క్ రైల్‌కు చేరడంతో కథను ముగించాలనిపించవచ్చు. కానీ అది పరిష్కారంలా వినిపిస్తుంది. ఆ సమాచారాన్ని ముందే చెప్పేసి, చివరి మాటను ఆప్తులను పోగొట్టుకున్నవారికే వదలండి.