దడుసుకున్న పిల్లలతో అంగన్‌వాడీలో – 4వ పాఠం: ఒకే ఆటను మళ్లీ మళ్లీ ఆడే బిడ్డ

పోయిన పాఠంలో, వాన చప్పుడుకో సైరన్ మోతకో బిగుసుకుపోయిన బిడ్డను నెమ్మదింపజేయడం నేర్చుకున్నాం. అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్న సందర్భాలను ఒకసారి చదివి ఇది మొదలుపెట్టండి. తనను భయపెట్టినదాన్నే బిడ్డ ఆటగా ఆడుతుంటే పక్కనున్న టీచర్ ఏం చెయ్యాలన్నదే ఈ పాఠం.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిపోయాయి. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్లు తగ్గలేదు. మేడల మీద చిక్కుకున్నవాళ్లకు అన్నం పొట్లాలు పడవల్లో, డ్రోన్లతో అందించారు. ఆ గొడవలో అమ్మ చంకనో నాన్న భుజం మీదో ఉన్న పసిపిల్లలకు ఆ రాత్రి గురించి చెప్పడానికి అప్పుడు మాటలు లేవు. తర్వాత అంగన్‌వాడీకి వచ్చాక చేతులతో ఆడి చూపిస్తారు.

సింగ్‌నగర్‌లో నాలుగేళ్ల పాప ఒకతి ఉందనుకుందాం. టబ్బులో నీళ్లు పోస్తుంది. బొమ్మను ముంచుతుంది. "అమ్మా" అని కేక పెట్టి టబ్బు బోర్లిస్తుంది. వెంటనే మళ్లీ నీళ్లు పోస్తుంది. నీళ్లాట పిల్లలందరికీ ఇష్టమే. మరి తేడా ఎలా తెలుస్తుంది? ముఖం చూడండి. మామూలు ఆటలో నవ్వుంటుంది, పక్కవాళ్లు చేరితే కథ మారుతుంది, కాసేపటికి విసుగు పుట్టి వదిలేస్తారు. ఈ ఆటలో ఊపిరి బిగబట్టి ఉంటుంది, వరస మారదు, ప్రతిసారీ అదే భయంకరమైన చోట ఆగిపోతుంది, ఆడినా బిడ్డ తేలికపడదు.

1976లో అమెరికాలోని చౌచిల్లా అనే ఊళ్లో దుండగులు స్కూల్ బస్సుతో సహా 26 మంది పిల్లల్ని ఎత్తుకుపోయి, భూమిలో పాతిన ట్రక్కు పెట్టెలో బంధించారు. పిల్లలు బయటపడ్డారు. మానసిక వైద్యురాలు లెనోర్ టెర్ తర్వాత ఏళ్ల తరబడి వాళ్లను గమనించి, సరిగ్గా ఇలాంటి ఆటనే వివరంగా రాశారు. మన సింగ్‌నగర్ పాప ఆటకూ దానికీ పోలిక ఉండటంలో వింత లేదు. చిన్నపిల్లలు ఎక్కడైనా తమకు జరిగింది తరచూ ఆటలోనే చెబుతారు.

ఇప్పుడు మీ పని. ముందుగా, ఆట ఆపించకండి. "ఛీ, అలాంటి ఆటలొద్దు" అంటే బిడ్డ మీకు కనబడకుండా ఆడుతుంది, అంతే. పక్కనే నేల మీద కూర్చోండి, కానీ మరీ ఆనుకుని వద్దు. చూసింది చూసినట్టు, బొమ్మ పేరు పెట్టి చెప్పండి: "బొమ్మ నీళ్లలో పడింది. అమ్మను పిలిచింది. దానికి భయమేసినట్టుంది." అక్కడితో ఆగండి. "నీకూ ఇలాగే జరిగిందా?" అని అడగాలని నోటిదాకా వస్తుంది. అడగొద్దు. భయం బొమ్మదిగా ఉన్నంతసేపే బిడ్డ దాని దగ్గర కూర్చోగలదు. ఆ ప్రశ్నతో అది ఒక్కసారిగా బిడ్డ మీదికి వచ్చి పడుతుంది.

అదే ఆట కొన్ని రోజులు ఇలాగే సాగితే, ఏమీ అనకుండా టబ్బు పక్కన ఒక డబ్బా మూత పెట్టండి. పడవ అవుతుందేమో చూద్దాం. "ఈ బొమ్మకు ఇప్పుడేం కావాలి?" అని ఒక్కసారి అడగొచ్చు. "ఏం వద్దు" అంటే సరే. బొమ్మను మీరే రక్షించి సంబరంగా చప్పట్లు కొట్టొద్దు. ఆ ముగింపు బిడ్డకు దొరకాలి, అదీ తనకు దొరికినప్పుడు. ఆపాల్సిన వేళ దగ్గరపడితే, "ఇంకో రెండుసార్లు, తర్వాత చేతులు కడుక్కుందాం" అని ముందే చెప్పండి. ఆట అయ్యాక మంచినీళ్లు తాగించి, ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

ఇంతమంది పిల్లలు, రిజిస్టర్లు, వివరాలు నింపాల్సిన పోషణ్ ట్రాకర్ యాప్, వీటి మధ్య తీరికెక్కడిదని మీరంటారు. నిజమే. మధ్యాహ్నం మిగతావాళ్లు పడుకున్నాక ఆయాను చూడమని చెప్పి, పది నిమిషాలు కేటాయించండి. బిడ్డ బరువు తూచడం ఎంత ముఖ్యమో ఆ పది నిమిషాలూ అంతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

"దడుసుకుంది టీచర్, తాయెత్తు కట్టించాం" అని తల్లి చెబితే నవ్వకండి. ఆ ఇంట్లో బిడ్డ భయాన్ని గుర్తించారు, దగ్గరికి తీసుకున్నారు. దాని మీదే మీ పని నిలబెట్టండి.

వారాలు గడిచినా ఆట ముదురుతుంటే, బిడ్డ తనను తానో ఇంకొకరినో కొడుతుంటే, వచ్చిన మాటలు పోయినా, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైనా ఆలస్యం చెయ్యొద్దు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) బృందానికి చూపించండి. వాళ్లు వచ్చేదాకా ఆగలేకపోతే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, ఫోన్ చేసి సలహా అడగండి.

ఆటలో ఎవరో బిడ్డను తాకకూడని చోట తాకినట్టు కనబడితే దారి వేరు. ఆ ఆట ఒక్కటే రుజువు కాదు, రుజువు చెయ్యడం మీ పనీ కాదు. తవ్వి తవ్వి అడగొద్దు. బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసుకోండి. అనుమానం ఉంటే పోలీసులకు తెలియజేయాలని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కీ ఫోన్ చెయ్యొచ్చు.

ఈ వారం అభ్యాసం: తోటి టీచర్‌తో కూర్చోండి. ఒకరు బిడ్డగా పది నిమిషాలు ఆడాలి, రెండోవారు కనబడింది మాత్రమే చెప్పాలి. నోరుజారి అడిగిన ప్రశ్నలన్నీ రాసుకోండి, తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకోండి. ఆ కాగితం దాచి ఉంచండి. తల్లితో ఏం మాట్లాడాలో నేర్చుకునే 5వ పాఠం దాంతోనే మొదలుపెడతాం.